తొలి అక్షరం ఎవరు పెట్టారు?

శ్రీకాకుళం కాంప్లెక్సులో ఆగి ఉన్న బస్సు బోర్డు మీద ‘విజయనగరం’ అని ఉంటుంది. పల్లె నుంచి వచ్చిన ముసలమ్మ మెట్టు మీద కాలు పెట్టి ‘ఇజీనగరమేనా బాబూ’ అని అడుగుతుంది. కండక్టర్ తల ఊపుతాడు. ఇద్దరికీ ఏ తికమకా లేదు. బస్సు బయలుదేరే ఊరి సంగతీ అంతే. కాగితం మీద శ్రీకాకుళం, పల్లె మాటలో సిక్కోలు, ఇంగ్లీషు దొరల దస్తావేజుల్లో చికాకోల్. ఒకే ఊరు ‘శ్రీ’తో, ‘సి’తో, ‘చి’తో మూడు రకాలుగా మొదలవుతోంది.

ఊళ్ల సంగతే ఇలా ఉంటే మనుషుల పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఈ రెండు జిల్లాల్లో ఒక మనిషి పేరు ఏ ధ్వనితో మొదలవుతుందన్నది చూస్తే, ఆ పేరు గుడి నుంచి వచ్చిందో, తాత నుంచి వచ్చిందో, పంచాంగం నుంచి వచ్చిందో చాలావరకు చెప్పవచ్చు. పాత పేర్లలో తొలి అక్షరాన్ని ఎవరూ ప్రత్యేకంగా ఎంచుకోలేదు. దేవుడి పేరో, తాత పేరో పెట్టుకుంటే దాని వెంట ఏ అక్షరం వస్తే అదే. ఇప్పటి ఇళ్లలో ఆ వరుస తిరగబడింది. ముందు అక్షరం తేలుతుంది, తర్వాత ఆ అక్షరానికి సరిపోయే పేరు కోసం వేట మొదలవుతుంది.

పాత వరుస ఎలా ఉండేదో తెలియాలంటే ‘అ’ దగ్గర కాసేపు ఆగాలి. అప్పన్న, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలసూరి, అప్పారావు, అప్పయ్యమ్మ, అప్పలనరసమ్మ. ఉత్తరాంధ్రలో ఏ పల్లెలోనైనా పెళ్లి భోజనాల దగ్గర నిలబడి ‘అప్పలా’ అని కేక వేస్తే ఒక్క తల తిరిగితే ఆశ్చర్యం. ఇవన్నీ సింహాద్రి అప్పన్న ఇచ్చిన పేర్లు. సింహాచలం కొండ విశాఖపట్నం పక్కనే ఉన్నా, ఆ దేవస్థానానికి అనువంశిక ధర్మకర్తలు విజయనగరం పూసపాటి వంశంవారు. అక్షయ తృతీయ నాటి చందనోత్సవానికి ఈ జిల్లాల నుంచి జనం తండోపతండాలుగా వెళతారు.

ఈ ఒక్క దేవుడు ఎన్ని అక్షరాలు పంచిపెట్టాడో చూస్తే ముచ్చటేస్తుంది. గుడిలో ఆయన వరాహలక్ష్మీనరసింహస్వామి. అందులో ‘వరాహ’ నుంచి వరహాలు, వరహాలమ్మ, వరహాలనాయుడు వచ్చారు. ‘నరసింహ’ నుంచి నరసింహులు, నరసమ్మ వచ్చారు. కొండ పేరు నుంచి సింహాచలం, సింహాద్రి. సింహాచలం అన్న పేరు ఆడవాళ్లకూ ఉంది, మగవాళ్లకూ ఉంది. ముద్దుపేరు నుంచి అప్పల సంతానమంతా వచ్చింది. అంటే వ, న, సి, అ అన్న నాలుగు వేర్వేరు మొదళ్లున్న పేర్లు ఒకే గర్భగుడిలోంచి బయలుదేరాయి. బళ్లో అకారాది క్రమంలో రాస్తే నాలుగు చోట్ల చెదిరిపోయే పిల్లలు మొక్కు లెక్కలో ఒకే వరుసవాళ్లు.

వీటిలో ‘అప్ప’కే అంత గిరాకీ ఎందుకు? భక్తి ఒక్కటే కారణమైతే వరహాలు కూడా అంతే విరివిగా ఉండాలి. ‘అప్ప’కు ఉన్న అదనపు బలం ఇంట్లోనే ఉంది. తెలుగులో దగ్గరి చుట్టరికాలను ఒకసారి పైకి అని చూడండి: అమ్మ, అప్ప, అయ్య, అన్న, అక్క, అత్త, అవ్వ. అన్నీ ‘అ’తో మొదలై, ఒక్క హల్లు మీద ఒత్తి ఆగి, మళ్లీ ‘అ’ దగ్గరే వాలతాయి. నోరు తెరిచి, ఒక్కసారి మూసి, తెరవడం; మాటలు నేర్చే బిడ్డకు ముందుగా పట్టుబడే కదలిక అదే. అప్పన్న అంటే అప్ప, అన్న కలిసిన పేరు. అప్పయ్య అంటే అప్ప, అయ్య. అమ్మన్న, అన్నమ్మ, అక్కయ్య, అక్కమ్మ లాంటి పేర్లదీ ఇదే అచ్చు. కొండమీది ఉగ్రనరసింహుడిని చుట్టాన్ని పిలిచినట్టు పిలుచుకుని, ఆ పిలుపునే బిడ్డకు పెట్టుకున్నారు. పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినపడేలా పిలవడానికి కూడా అచ్చుతో మొదలయ్యే ఈ రెండక్షరాల పేరును మించింది దొరకదు. మరో చిన్న లాభం కూడా ఉంది. తెలుగు అక్షరమాలలో ‘అ’ మొదటిది, ఇంగ్లీషులో ‘ఎ’ మొదటిది కాబట్టి ఏ భాషలో పేర్ల పట్టిక రాసినా అప్పలనాయుడే పైన ఉంటాడు.

అప్పల పేర్లలో మొదలు అందరికీ ఒకటే, తేడా అంతా చివర్లో ఉంటుంది: నాయుడు, రాజు, స్వామి, సూరి. ఆడవాళ్ల పేర్లలో ఇది చాలాసార్లు తలకిందులవుతుంది. ఆదిలక్ష్మి, వరలక్ష్మి, వెంకటలక్ష్మి, మహాలక్ష్మి, విజయలక్ష్మి. అక్కడ చివర అందరికీ ఒకటే, మనిషిని వేరుచేసేది మొదలు. అందుకే ఆ పేర్లు కుదించినప్పుడు వరం, విజయ అని ముందు ముక్క మిగులుతుంది. అప్పలరాజును రాజు అనాలా, అప్పల అనాలా అన్నది ఆ వీధిలో ఇంకెంతమంది రాజులు, ఎంతమంది అప్పలలు ఉన్నారన్న దాన్నిబట్టి తేలుతుంది.

మిగతా గుళ్లూ తమ వంతు అక్షరాలు ఇచ్చాయి. అరసవల్లి నుంచి సూర్యనారాయణ, సూర్యారావు, సూరమ్మ. శ్రీకూర్మం నుంచి కూర్మారావు, కూర్మయ్య, కూర్మమ్మ. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం నుంచి ముఖలింగం. శంబర పోలమాంబ వైపు పోలినాయుడు, పోలమ్మ. పూరీ జగన్నాథుడు కూడా దూరపువాడేమీ కాదు. ఆయన కొండపేరు నీలాచలం ఇక్కడ మనిషి పేరుగా స్థిరపడింది. వీటిలో ‘కూర్మ’ మొదలు మరీ గుర్తుపట్టదగినది. కూర్మారావు అన్న పేరు ఎక్కడ విన్నా ఆ మనిషి మూలం సిక్కోలు చుట్టుపక్కల ఉందని పందెం కాయవచ్చు.

విజయనగరం వైపు అలాంటి ముద్ర ‘పై’. పైడిరాజు, పైడినాయుడు, పైడయ్య, పైడమ్మ, పైడితల్లి. ‘పసిడి’ నోళ్లలో నాని ‘పైడి’ అయింది. పైడితల్లి అంటే బంగారుతల్లి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరం కోట ముందు ఆ తల్లి సిరిమాను, అంటే చివరన పూజారి కూర్చునే పొడవాటి మాను, తిరుగుతుంది. ‘ఐ’కారంతో మొదలయ్యే వాడుక పేర్లు తెలుగులో మొదటి నుంచీ తక్కువ. అలాంటి అరుదైన ధ్వనిని ఒక్క అమ్మవారు ఊరూరా పేరుగా మార్చేసింది.

గుడితో సంబంధం లేని పాత పేర్లూ ఉన్నాయి. తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు. పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో తర్వాతి బిడ్డను తవుడుకు కొన్నట్టుగా తంతు జరిపి ఆ పేరు పెట్టేవారు. విలువలేని వస్తువు పేరు వింటే మృత్యువు చూపు పక్కకు మళ్లుతుందన్న నమ్మకం. పెంటయ్య, పెంటమ్మల వెనక ఉన్నదీ అదే భయం. నూకరాజు, తవిటినాయుడు పక్కపక్కన కూర్చుంటే ధాన్యం మిల్లు గుర్తొస్తుంది గానీ, ఆ రెండు పేర్ల దారులు వేరు. నూకరాజు నూకాలమ్మ తల్లి మొక్కు.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒక ఇంట్లో ఒకే తొలి అక్షరం తరం విడిచి తరం తిరిగి వస్తుంది. ఇందులో ఒక చిక్కుండేది. కోడలు మామగారి పేరు నోటితో పలకకూడదు. కన్నబిడ్డకు మామగారి పేరే పెడితే ఆ తల్లి బిడ్డనేమని పిలవాలి? తాతబాబు, బుజ్జిబాబు, చిన్నబాబు లాంటి పిలుపులు చాలావరకు ఈ ఇరకాటంలోంచే పుట్టాయి. బియ్యంలో రాసిన పేరు సూర్యనారాయణ, ఇల్లంతా పిలిచే పేరు తాతబాబు. బడిలో మాస్టారు హాజరు పిలిచే దాకా ఆ పిల్లవాడికి తన తొలి అక్షరం ‘సూ’ అన్న సంగతి చెవిన పడకపోవడం వింతేమీ కాదు.

ఇక నాలుక పని. రాసిన పేరును ఊరి నాలుక తన సొంత వ్యాకరణంతో తిరగరాస్తుంది. దీన్ని మొరటుతనం అనుకునేవారు ఉన్నారు. నిజానికి అది చాలా క్రమంగా జరిగే మార్పు. ‘వ’కారం ఇ, ఈ, ఎ, ఏ ముందు నిలవదు. వీధి ఈది అవుతుంది, వెళ్లడం ఎళ్లడం అవుతుంది. ఆ సూత్రమే విజయనగరాన్ని ఇజీనగరం చేసింది. అదే వెంకన్నను ఎంకన్న, వీరన్నను ఈరన్న, వినాయకుణ్ణి ఇనాయకుడు చేస్తుంది. వరహాలు, వరలక్ష్మి లాంటి పేర్లలో ‘వ’ అంత తేలిగ్గా కదలదు.

‘వ’ పోయి బయటపడిన ‘ఎ’ కూడా ఖాళీగా ఉండదు. తెలుగు నోరు మాట మొదటి ‘ఎ’కు ముందు చిన్న ‘య’ను, ‘ఒ’కు ముందు చిన్న ‘వ’ను చేరుస్తుంది. ఎర్ర అని రాసి యెర్ర అంటాం, ఒక అని రాసి వొక అంటాం. ఆ లెక్కన వెంకన్న ముందు ఎంకన్న, తర్వాత యెంకన్న అవుతాడు. ఒకే మనిషి ‘వ’ నుంచి ‘ఎ’కు, ‘ఎ’ నుంచి ‘య’కు ప్రయాణం చేశాడు. ఇంగ్లీషు స్పెల్లింగు ఈ చిన్న ‘య’ను పట్టేసింది. శ్రీకాకుళం నుంచి ఎన్నికై కేంద్రమంత్రిగా పనిచేసిన ఎర్రన్నాయుడి పేరు తెలుగు పత్రికల్లో ‘ఎ’తో, ఇంగ్లీషు పత్రికల్లో ‘వై’తో మొదలైంది. ఇంటిపేర్లలోనూ ఎర్ర, యర్ర అని రెండు రాతలున్నాయి. అన్నదమ్ముల పిల్లలు ఒకరు ‘ఇ’ ఇనీషియల్‌తో, ఒకరు ‘వై’ ఇనీషియల్‌తో తిరగాల్సి వస్తే తప్పు ఎవరిదని చెప్పగలం?

ఇచ్ఛాపురం, సోంపేట వైపు వెళితే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. అక్కడ ఒడియా ఇళ్లున్నాయి. ఒడియాలో మాట మొదటి ‘వ’ చాలావరకు ‘బ’, మాట మొదటి ‘య’ ‘జ’. విష్ణు బిష్ణు అవుతాడు, యశోద జశోద అవుతుంది. అంటే ‘వి’తో రాసిన అక్షరం విజయనగరం పల్లెలో ‘ఇ’గా, ఇచ్ఛాపురం ఒడియా వీధిలో ‘బి’గా వినిపిస్తుంది. మధ్యలో దూరం కొన్ని గంటల రైలు ప్రయాణం.

మిగతా మార్పులు తెలుగునేల అంతటా ఉన్నవే. ‘హ’ జారిపోయి హనుమంతు అనుమంతు అవుతాడు. ఒత్తు పోయి భాస్కరరావు బాస్కరరావు అవుతాడు. శ, ష, స మూడూ ఒక్క ‘స’లో కలుస్తాయి. సింహాచలం సిమ్మాచలం అవుతుంది. జంటాక్షరాల సంగతి మాత్రం ఒక మాట చెప్పుకోవాలి. కృష్ణ కిష్ట కావడం, శ్రీను సీను కావడం, ప్రసాదు పెసాదు కావడం చదువులేనితనం కాదు. క్రొత్త కొత్త అయినప్పుడు, ప్రొద్దు పొద్దు అయినప్పుడు పండితులు కూడా ఆ దారినే నడిచారు. మొదట్లోని ‘ర’ వత్తును తుడిచేయడం తెలుగు భాషకు వందల ఏళ్ల అలవాటు. రాసే తెలుగు వేరు, పలికే తెలుగు వేరు అన్న విషయం మీద జీవితమంతా పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. సిక్కోలును శ్రీకాకుళమని రాసే నేల మీద పెరిగిన మనిషికి ఆ తేడా పుస్తకాల్లో వెతుక్కోవాల్సినది కాదు.

పేరు ముందు ఇంటిపేరు వస్తుంది కాబట్టి తెలుగువాడికి నిజానికి రెండు తొలి అక్షరాలు. ఈ రెండూ తరచుగా రెండు భాషల నుంచి వస్తాయి. ఇంటిపేరు చాలాసార్లు ఏదో ఊరి పేరు, చెట్టు పేరు, పాత తెలుగు మాట. పెట్టిన పేరు సంస్కృతం. అందుకే ఇంటిపేర్లలో గు, గొ, బొ, పొ, కో, చి లాంటి మట్టివాసన గల మొదళ్లు ఎక్కువ, పెట్టిన పేర్లలో రా, ల, స, శ్రీ, జ ఎక్కువ. ‘ర’, ‘ల’ ధ్వనులతో మాట మొదలు కావడం మూల ద్రావిడానికి అలవాటు లేదు. తమిళంలో ఇరండు అన్నది తెలుగులో రెండు అయింది, ఉరల్ అన్నది రోలు అయింది. అచ్చులు, హల్లులు ఇలా చోటు మార్చుకోవడం వల్ల తెలుగు నోటికి మొదటి ‘ర’ ముందే అలవాటైపోయింది. రాముణ్ణి ఇరామన్ చేసుకోవాల్సిన అవసరం తమిళులకు వచ్చింది, మనకు రాలేదు. మన రామారావులకు నాలుక మీద ఏ అడ్డూ లేదు.

ఇంగ్లీషు ఇనీషియల్ వచ్చి ఈ సంపదనంతా ఒక్క చుక్క ముందు కుదించేసింది. గురజాడ, గిడుగు, గౌతు, ఘంటసాల నలుగురూ ‘జి’. ధర్మాన, ద్వారం, దువ్వాడ ముగ్గురూ ‘డి’. తెలుగులో గు, గి, గౌ, ఘం అన్నవి వేర్వేరు అక్షరాలు, ఎందుకంటే మన లెక్కలో అక్షరమంటే హల్లు ఒక్కటే కాదు, దానితో వచ్చే అచ్చు కూడా. ఇంగ్లీషు ఆ అచ్చును కోసి పారేసి హల్లును మాత్రమే దగ్గర పెట్టుకుంటుంది. దీనికి విరుగుడు కూడా ఈ జిల్లాల్లోనే కనబడుతుంది. విజయనగరం కథకుడు చాగంటి సోమయాజులు ‘చాసో’ అయ్యారు. శ్రీకాకుళంలో 1997లో కథానిలయం అనే కథల గ్రంథాలయాన్ని నెలకొల్పిన కాళీపట్నం రామారావు ‘కారా’ అయ్యారు. సి.ఎస్., కె.ఆర్. అని ఉంటే వాళ్లు వేలమందిలో ఇద్దరు. చాసో, కారా అన్నవి నోటికి అందే మాటలు, పిలిస్తే పలికే పేర్లు. పత్రికలు పార్టీలను తెదేపా, భాజపా అని రాయగలగడం కూడా అక్షరంతో పాటు వచ్చే ఈ అచ్చు పుణ్యమే.

ఇప్పుడు పంచాంగం. 27 నక్షత్రాలు, ఒక్కొక్కదానికి 4 పాదాలు, మొత్తం 108 పాదాలు. పాదానికొక అక్షరం. అశ్వినికి చూ, చే, చో, లా. మఖకు మా, మీ, మూ, మే. ఈ పట్టిక పాతదే అయినా ఈ జిల్లాల్లోని పాత పేర్లు దాన్నిబట్టి పెట్టినవి కావని చిన్న లెక్కతో తేలుతుంది. పట్టికలో అకారం వచ్చేది కృత్తిక మొదటి పాదానికి ఒక్కదానికే. పంచాంగం మాట వినేట్టయితే నూటెనిమిది మందిలో సుమారు ఒక్కరి పేరు ‘అ’తో మొదలు కావాలి. అప్పల పేర్లున్న పల్లెలో ఈ లెక్క ఎక్కడ ఆగుతుంది? ‘రా’ కూడా చిత్త మూడో పాదానికి మాత్రమే. ఊళ్లోని రామారావులందరూ ఆ పాదంలోనే పుట్టి ఉండరు. ‘పై’ అన్న అక్షరం ఆ పట్టికలో అసలు లేనే లేదు. పైడితల్లికి జాతకంతో పనిలేదన్నమాట. జన్మనామం పూజలో సంకల్పానికి పనికొచ్చేది, వాడుక పేరు మొక్కును బట్టి నడిచేది.

ఇప్పటి తల్లిదండ్రులు ఆ పట్టికనే వాడుక పేరుకూ ప్రమాణం చేసుకున్నారు. బారసాలకు ముందు ఫోనులో జరిగే సంప్రదింపుల్లో మొదటి ప్రశ్న ‘ఏ అక్షరం వచ్చింది?’ మఖ అయితే అదృష్టం, మానస నుంచి మేఘన దాకా దారి తెరిచే ఉంది. ఆశ్లేష అయితే డీ, డూ, డే, డో ముందు కూర్చుని దిక్కులు చూడాలి. హస్త మూడో పాదానికి ‘ణ’, ఆరుద్ర మూడో పాదానికి ‘ఙ’. ఈ రెండు అక్షరాలతో తెలుగులో ఏ మాటా మొదలు కాదు, పేరు ఎలా మొదలవుతుంది? అక్కడ పురోహితుడే కాస్త పక్క అక్షరానికి జరగమని సర్దిచెబుతాడు. రోహిణి నాలుగో పాదానికి ‘వూ’ రాశారు, కృత్తిక మూడో పాదానికి ‘ఊ’ రాశారు. ఊర్మిళ అని రాసి వూర్మిళ అని పలికే ఇంట్లో ఆ పేరు ఏ నక్షత్రానికి చెందుతుందో తేల్చడం జ్యోతిషానికి సాధ్యం కాదు, ధ్వనిశాస్త్రాన్ని పిలవాలి. ఇది చాలదన్నట్టు ఇంగ్లీషు స్పెల్లింగును సంఖ్యాశాస్త్రం ప్రకారం సాగదీసేవారు ఇంకొందరు. ఆ అదనపు అక్షరాలు తెలుగులో రాస్తే కనబడవు కాబట్టి ఆ భోగం ఆధార్ కార్డుకే పరిమితం.

కొత్త పేర్ల మొదళ్లలో ఇంకో విశేషం ఉంది. హర్షిత్, హాసిని, యశస్వి, ధృతి, క్షితిజ, శ్రీహాన్. హ, య, ధ, క్ష, శ్ర. నాయనమ్మ నాలుక ఇన్నాళ్లూ జార్చేసిన, నునుపు చేసిన ధ్వనులనే ఏరికోరి తెచ్చి పేరు తలకట్టులో పెడుతున్నారు. నలుగురిలో లేని పేరు కావాలన్న తపన కొంత, ఇంగ్లీషు బడిలో నప్పాలన్న ఆలోచన కొంత. తాము పలికే తెలుగుకు దూరంగా ఉన్నదే నాగరికమన్న భావన కూడా ఇందులో కొంత ఉందనిపిస్తుంది. తవిటినాయుడి కొడుకు సురేష్, సురేష్ కొడుకు హర్షిత్ అయ్యే సరికి ఆ ఇంటి తొలి అక్షరంలో ఊరి ఆనవాలు మిగలలేదు. హర్షిత్ అన్న పేరు చూసి అతనిది సిక్కోలో, సికింద్రాబాదో చెప్పలేం.

నాయనమ్మ మాత్రం తన వ్యాకరణం మార్చుకోలేదు. బియ్యంలో ఉంగరంతో రాసిన ‘హన్విక’ ఆమె నోట ‘అన్నిక’ అవుతుంది, కొడుకు సరిదిద్దితే రెండుసార్లు ప్రయత్నించి ఊరుకుంటుంది. తర్వాత ఆ పిల్లను చంకనెత్తుకుని వీధిలోకి వెళుతూ ‘అమ్మలూ’ అంటుంది. పిల్ల పలికేది దానికే.